పోల్ వాల్ట్: లాత్వియా కుర్రాడు వాల్టర్స్ క్రెయిష్, ఇరవై దాటీ దాటకుండానే ఒలింపిక్ ఫైనల్. ఇక్కడి నుంచి ఏంటి?

సాగర్_ట్రాక్:
అందరికీ నమస్తే. ఇక్కడ జావెలిన్ గురించి, హర్డిల్స్ గురించి పేజీలకు పేజీలు మాట్లాడుకున్నాం గానీ పోల్ వాల్ట్ కి, అదే పొడుగు కర్ర ఊతంగా ఎత్తైన బార్ దాటే ఆటకి, ఒక్క థ్రెడ్ కూడా లేదు, అందుకే మొదలుపెడుతున్నా. వరల్డ్ రికార్డ్ ఉన్న స్వీడన్ ఆటగాడు మోండో డుప్లాంటిస్ సంగతి అందరికీ తెలిసిందే, నేను రాయాలనుకున్నది వాల్టర్స్ క్రెయిష్ గురించి. దేశం లాత్వియా, పుట్టింది 2003లో. 2024 ఆగస్టు 5 రాత్రి పారిస్ స్టేడియంలో డుప్లాంటిస్ 6.25 మీటర్లు ఎగిరి లోకం మొత్తాన్ని తనవైపు తిప్పుకున్నాడు కదా, ఆ ఫైనల్లో అదే రన్ వే మీద ఈ కుర్రాడు కూడా ఉన్నాడు. కెమెరాలు వాడి మీద పెద్దగా ఆగలేదు. నేను మాత్రం వాడి దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే క్వాలిఫయింగ్ లో పెద్ద పెద్ద పేర్లే రాలిపోయాయి. టోక్యో ఒలింపిక్స్ సిల్వర్ మెడలిస్ట్ క్రిస్ నిల్సెన్ ఫైనల్ కి రాలేదు. ఫ్రాన్స్ కుర్రాడు ఆంథనీ అమ్మిరాటి, వాడూ 2003లోనే పుట్టాడు, 2022లో కాలీలో జరిగిన అండర్ 20 వరల్డ్ చాంపియన్, సొంత గడ్డ మీద 5.70 దగ్గర ఆగిపోయాడు. వాడు బార్ పడేసిన ఆ జంప్ వీడియోని లోకం నవ్వులాటగా చూసింది, దాన్ని మళ్ళీ ఇక్కడ లాగొద్దు, కష్టపడి వచ్చిన పిల్లాడు వాడు.

నా ప్రశ్న ఏంటంటే, జూనియర్ గా బంగారం కొట్టినవాడు ఆగిపోయి, పేరు పెద్దగా వినపడనివాడు ఫైనల్ కి వెళ్ళాడంటే ఈ ఆటలో ఆ 17 నుంచి 22 మధ్య వయసులో అసలు జరిగేదేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

మోండో_మావాడు:
సాగర్ బ్రో, ఫైనల్ కి రావడం గొప్పే, కాదనను, కానీ ఇరవై ఏళ్ళకి మోండో ఏం చేశాడో చూడు. 2018లో బెర్లిన్ యూరోపియన్స్ లో 6.05, అప్పటికి వయసు 18. 2019 దోహా వరల్డ్ చాంపియన్ షిప్ లో 5.97తో సిల్వర్, అమెరికా సామ్ కెండ్రిక్స్ తో సమానంగా ఎగిరి ఫెయిల్యూర్స్ లెక్కలో వెనకబడ్డాడు అంతే. 2020 ఫిబ్రవరి 8న పోలండ్ టోరున్ లో 6.17 వరల్డ్ రికార్డ్, సరిగ్గా వారానికి గ్లాస్గోలో 6.18. ఇదీ ఎర్లీ కెరీర్ అంటే. ఆ తర్వాత ఒక్కో సెంటీమీటరూ పెంచుకుంటూ 2025 సెప్టెంబర్ లో టోక్యోలో 6.30 దాకా వెళ్ళాడు. మిగతావాళ్ళని నేను తక్కువ చేయట్లేదు, కానీ మెడల్ కొట్టేవాడెవడో ఇరవైకే తెలిసిపోతుందని నా నమ్మకం.

సాగర్_ట్రాక్:
మోండో వాళ్ళింటి పెరట్లోనే పిట్, అంటే ఎగిరి దిగే చోటు, ఉంది బ్రో, లూసియానాలో. నాన్న గ్రెగ్ స్వయంగా 5.80 ఎగిరినవాడు, అమ్మ హెలెనా హెప్టాథ్లాన్ చేసింది. నాలుగేళ్ళ వయసు నుంచి పోల్ పట్టుకున్న పిల్లాడు ఇరవైకి వచ్చేసరికి పదహారేళ్ళ అనుభవం. దాన్ని కొలబద్దగా పెడితే భూమ్మీద ఇంకెవ్వరూ నిలబడరు.

పాత_పీఈటీ:
బాబూ సాగర్, మంచి విషయం ఎత్తావు. నేను హైస్కూల్ పీఈటీగా చేసి రిటైరయ్యాను, మా రోజుల్లో వెదురు బొంగుతోనే పిల్లల చేత ఎగిరించేవాళ్ళం, ఇసక గుంటలో దిగేవాళ్ళు, దెబ్బలు తగిలేవి, అయినా ఆ పిల్లల ఆనందం వేరే. వెదురంటే చిన్నచూపు చూడకండి, 1940లో అమెరికా ఆటగాడు కార్నీలియస్ వార్మర్‌డామ్ 15 అడుగులు దాటింది వెదురుతోనే. ఫైబర్ గ్లాస్ వచ్చాకే ఆట స్వరూపం మారింది.

ఇక నీ ప్రశ్నకి జవాబు. 17 నుంచి 22 మధ్య ఏం జరుగుతుందంటే పోల్స్ మారతాయి. ఆ ముక్కలోనే అంతా ఉంది. పిల్లాడు బరువు పెరుగుతాడు, స్పీడ్ పెరుగుతుంది, దాంతో నిన్నటిదాకా సరిపోయిన పోల్ ఇవాళ మెత్తనైపోతుంది. మెత్తటి పోల్ తో గట్టిగా పరిగెత్తి వచ్చి గుచ్చితే అది మరీ వంగిపోయి మనిషిని ఎత్తు మీదికి కాకుండా ముందుకి తోసేస్తుంది, బార్ మీద పడతాడు. సరే అని గట్టి పోల్ ఇస్తే, దాన్ని వంచే స్పీడ్ ఆ రోజు లేకపోతే, నిలువుగా కూడా రాదు, వెనక్కి రన్ వే మీదికే తన్నేస్తుంది. అక్కడ దెబ్బ తగిలిందా, పిల్లాడికి భయం పట్టుకుంటుంది. ఆ భయం ఒకసారి కాళ్ళల్లోకి దిగితే చివరి మూడు అంగల్లో స్పీడ్ తగ్గించేస్తాడు, తనకే తెలియకుండా. అప్పుడింక ఎంత టాలెంట్ ఉన్నా పైకి పోదు. జూనియర్ లో మెత్తటి పోల్స్ మీద బ్రహ్మాండంగా ఎగిరి సీనియర్ కి వచ్చాక కనపడకుండా పోయిన పిల్లలు ప్రతి దేశంలోనూ ఉన్నారు, కారణం చాలామటుకు ఇదే.

ఫిజిక్స్_రమణ:
మాస్టారు చెప్పినదానికి చిన్న లెక్క కలుపుతాను, ఎవరూ పారిపోకండి, ఇంటర్ లెక్కే. బాక్స్ (రన్ వే చివర పోల్ గుచ్చే గుంట) దగ్గరికి వచ్చేసరికి స్పీడ్ సెకనుకి 9.5 మీటర్లు అనుకుందాం. ఆ వేగాన్ని మొత్తం ఎత్తుగా మార్చగలిగితే వచ్చేది సుమారు 4.6 మీటర్లు. మనిషి నిలబడి ఉన్నప్పుడే బరువు మధ్యభాగం నేలకి దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది కాబట్టి కలిపితే 5.6. మధ్యలో కొంత శక్తి పోతుంది, మళ్ళీ భుజాలతో, పొట్ట కండరాలతో లాగి తలకిందులై చివర్లో పోల్ ని నెట్టేటప్పుడు కొంత కలుస్తుంది. అలా 5.70, 5.80 వస్తుంది.

ఇప్పుడు స్పీడ్ 9.5 నుంచి 10 కి పెంచండి, 4.6 కాస్తా 5.1 అవుతుంది. అంటే సెకనుకి అర మీటరు స్పీడ్ పెరిగితే అర మీటరు ఎత్తు, కనీసం కాగితం మీద. డుప్లాంటిస్ 2024 సెప్టెంబర్ లో జ్యూరిక్ లో నార్వే హర్డిల్స్ ఆటగాడు కార్స్టెన్ వార్హోమ్ తో 100 మీటర్లు పరిగెత్తి 10.37లో గెలిచాడు చూశారా, అది సరదా పందెమే గానీ 6.20లు ఎక్కడినుంచి వస్తున్నాయో దాంట్లో కనిపిస్తుంది. కాబట్టి క్రెయిష్ అయినా ఇంకెవరైనా 5.70, 5.80 దగ్గర నుంచి పైకి వెళ్ళాలంటే ముందు కాళ్ళు, తర్వాత ఆ కాళ్ళకి సరిపడే గట్టి పోల్, ఆ తర్వాతే టెక్నిక్ లో మెరుగులు. ఈ మూడూ ఒకే ఏడాదిలో కుదరవు.

రీగా_సుధ:
హాయ్ అండి, నేను రీగాలో మాస్టర్స్ చేస్తున్నాను, లాత్వియా పేరు చూసి ఆగలేక వచ్చేశా. ఇక్కడ మన ఇండియన్ స్టూడెంట్స్ బాగానే ఉంటారు, మన తెలుగువాళ్ళు కూడా. ఒక విషయం చెప్పాలి, దేశం మొత్తం జనాభా ఇరవై లక్షల లోపే. హైదరాబాద్ లో ఒక మూల అంత కూడా ఉండదు. అంత చిన్న దేశంలో ఒక్క ఆట మీద మాత్రం అందరికీ పిచ్చి, అది ఐస్ హాకీ. 2023 మే లో వరల్డ్ చాంపియన్ షిప్ లో అమెరికాని ఓడించి బ్రాంజ్ కొట్టారు, ఆ రాత్రి పార్లమెంట్ అర్ధరాత్రి కూర్చుని మర్నాడు సెలవు ఇచ్చేసింది, నిజంగా! తర్వాత బాస్కెట్ బాల్. 3x3 బాస్కెట్ బాల్ లో టోక్యో ఒలింపిక్స్ గోల్డ్ వీళ్ళదే.

అథ్లెటిక్స్ అంటే ఇక్కడి పెద్దవాళ్ళు జావెలిన్ గురించి చెప్తారు. యానిస్ లూసిస్ 1968 మెక్సికో గోల్డ్, ఆయన భార్య ఎల్వీరా ఓజోలినా 1960 రోమ్ గోల్డ్, అప్పుడు సోవియట్ జెర్సీలో ఆడారు. స్వతంత్రం వచ్చాక కూడా వాసిలెవ్‌స్కిస్ 2004లో, కోవాల్స్ 2008లో సిల్వర్ తెచ్చారు. జావెలిన్ పిల్లాడికి ముందు నడిచినవాళ్ళు వరసగా ఉన్నారు. పోల్ వాల్ట్ పిల్లాడికి అంత వరస లేదు.

ఇంకోటి, చలి. డిసెంబర్ లో ఇక్కడ పొద్దున్న తొమ్మిదికి తెల్లారుతుంది, మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి. బయట ట్రాక్ మీద మంచు. ఏడాదిలో ఇంచుమించు సగం రోజులు హాల్ లోపలే ప్రాక్టీస్ చెయ్యాలి. వాళ్ళకి అది మామూలే గానీ నాకు చూస్తేనే వణుకు.

సాగర్_ట్రాక్:
సుధ గారూ థాంక్యూ, ఇలాంటిదే కావాల్సింది. ముందు నడిచినవాళ్ళు అన్నారు కదా, పూర్తిగా లేకపోలేదు. మారెక్స్ ఆరెంట్స్ అని ఒకాయన, 1986లో పుట్టాడు, 2012 లండన్ ఒలింపిక్స్ లో దిగాడు, బెస్ట్ 5.70. ఆయన ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా ఆ దేశం జెండా పోల్ వాల్ట్ లో మోశాడు. ఫైనల్స్ లో పెద్దగా కనిపించలేదు కాబట్టి మనకి ఆయన పేరు తెలీదు. కానీ క్రెయిష్ చిన్నప్పుడు వాడి దేశంలో 5.70 ఎగిరిన మనిషి ఒకడున్నాడు చూడండి, దాని విలువ నేను చాలా ఎక్కువ అనుకుంటా. మన దేశం నుంచి ఈ ఎత్తుకి మనిషి వెళ్తాడు అని పిల్లాడికి తెలిసి ఉండటం అనేది ఏ కోచింగ్ ఇవ్వలేనిది. అదే 5.70 మీద ఇంకో ముక్క, 1983 హెల్సింకిలో మొట్టమొదటి వరల్డ్ చాంపియన్ షిప్ ని పందొమ్మిదేళ్ళ సెర్గెయ్ బుబ్కా గెలిచింది సరిగ్గా 5.70తోనే. నలభై ఏళ్ళ తర్వాత పారిస్ లో అదే ఎత్తు దగ్గర క్వాలిఫయింగ్ లోనే మనుషులు రాలిపోతున్నారు. ఇవాళ ఒక కుర్రాడు మొదలయ్యే చోటు అంత పైకి వెళ్ళిపోయింది.

మోండో_మావాడు:
బుబ్కాని నువ్వే తెచ్చావు కాబట్టి అడుగుతున్నా. పందొమ్మిదికే వరల్డ్ చాంపియన్, 1985 జూలైలో పారిస్ లో 6 మీటర్లు, మొత్తం 35 వరల్డ్ రికార్డులు. నేను చెప్పింది అదే కదా, ముందే తెలిసిపోతుంది.

సాగర్_ట్రాక్:
బుబ్కా, మోండో ఇద్దరూ కలిపి నలభై ఏళ్ళ చరిత్ర బ్రో, ఇద్దరే ఇద్దరు. మిగతా మెడల్స్ ఎవరు కొట్టారో చూద్దాం. పారిస్ బ్రాంజ్ ఎమ్మనూయిల్ కరాలిస్, గ్రీస్. 1999లో పుట్టాడు, మోండో ఈడువాడే. టోక్యో ఒలింపిక్స్ లో నాలుగో స్థానం, అక్కడి నుంచి మూడేళ్ళు ఆగి పారిస్ లో 5.90తో మెడల్. మోండో 6.05 ఎగిరిన వయసులో కరాలిస్ ఎక్కడున్నాడు? ఆ మధ్యలో ఎన్ని సీజన్లు వాడిని ఎవరూ పట్టించుకోలేదు?

ఇంకా మంచి ఉదాహరణ ఈజే ఒబియెనా, ఫిలిప్పీన్స్. వాళ్ళ నాన్న పోల్ వాల్టరే. దేశంలో ఈ ఆటకి పెద్ద వ్యవస్థ లేదు, ఇటలీలోని ఫోర్మియాకి వెళ్ళి విటాలి పెట్రోవ్ దగ్గర చేరాడు. పెట్రోవ్ అంటే బుబ్కాని తయారుచేసిన కోచ్. టోక్యోలో ఫైనల్ కి వచ్చి వెనకే మిగిలిపోయాడు, 2023 బుడాపెస్ట్ వరల్డ్ చాంపియన్ షిప్ లో 6.00తో సిల్వర్, పారిస్ లో 5.90 ఎగిరి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫైనల్ కి ఒకసారి వచ్చి అక్కడి ఒత్తిడి చూసినవాడు రెండోసారికి వేరే మనిషి అవుతాడు. నేను క్రెయిష్ పారిస్ ఫైనల్ ని అలా చూస్తున్నా.

వరంగల్_వాల్ట్:
అన్నా నమస్తే, మాస్టారు నమస్తే. నేను జూనియర్ లో పోల్ వాల్ట్ చేసిన, ఇప్పుడు బంద్ చేసిన. ఈ థ్రెడ్ చదువుతుంటే మస్తు మాటలు గుర్తొస్తున్నయి. మీరందరు మెడల్స్, రికార్డులు మాట్లాడుతున్నరు గని పోల్ వాల్ట్ లో సగం తిప్పలు పోల్ మోసుకపోవుడే. మీటర్ల పొడుగు ఉంటది, మడతవెట్టరాదు, రెండు ముక్కలు చెయ్యరాదు. ఒకపారి వేరే రాష్ట్రంల మీట్ కి రైల్ల పోతుంటే పోల్స్ కింద పెట్టనియ్యలే, కిటికీ బయటికెల్లి కట్టుకుంట పోయినం, రాత్రంత నిద్ర లేదు, ఏ స్తంభానికి తగుల్తదో అని చెయ్యి దాని మీదనే. అట్ల పోయి పొద్దుగాల్ల దిగి పోటీల దిగితె ఏం ఎగురుతం? ఆడికి పోయినంక వేరేటోళ్ళ పోల్ అడిగి తీస్కున్న, అది నా బరువుకి సరిపోదు, రెండు పార్లు రన్ వే మీదికే తన్నింది. మాస్టారు చెప్పిన భయం గదే, నాకు పట్టుకున్నది గప్పుడే.

గందుకే గా లాత్వియా పిల్లగాడు ఫైనల్ ల నిలబడ్డడంటే వాని ఎనక పోల్స్ కొనేటోళ్ళు, మోసేటోళ్ళు, బండి నడిపేటోళ్ళు ఎంతమంది ఉండాలె అని నాకు అనిపిస్తది. అమ్మానాయినలు అయినా సరే, ఫెడరేషన్ అయినా సరే.

పాత_పీఈటీ:
అమ్మా, నువ్వు రాసింది చదివి మనసు చివుక్కుమంది. నీ తప్పు ఒక్కటి లేదు అందులో. బరువుకి సరిపోని పోల్ ఇచ్చి ఆడపిల్లని రన్ వే మీదికి పంపడం పక్కనున్న పెద్దవాళ్ళు చెయ్యకూడని పని. ఒక్కో మంచి పోల్ మన డబ్బుల్లో అర లక్ష దాటుతుంది, తెప్పించే ఖర్చు వేరే. పైస్థాయి పోల్ వాల్ట్ ఆటగాడి సంచిలో అలాంటివి అరడజను పైనే ఉంటాయి, ఒకే పొడుగు, గట్టిదనంలో మాత్రం కొంచెం కొంచెం తేడా. గాలి ఎదురొస్తే ఒకటి, వెనక నుంచి తోస్తే ఒకటి, ఒళ్ళు బాగా వేడెక్కాక ఇంకొకటి. మన పిల్లలకి రెండు దొరకడమే గగనం.

ఫిజిక్స్_రమణ:
మన దేశం సంగతి వచ్చింది కాబట్టి, మన నేషనల్ రికార్డ్ 2022 గాంధీనగర్ నేషనల్ గేమ్స్ లో తమిళనాడు ఆటగాడు శివ సుబ్రమణిది 5.31 ఉండేది, దాన్ని 2025 ఫిబ్రవరిలో డెహ్రాడూన్ లో మధ్యప్రదేశ్ కుర్రాడు దేవ్ మీనా 5.32 చేశాడు, మళ్ళీ ఏప్రిల్ లో కొచ్చిలో 5.35. అప్పటికి దేవ్ మీనా కూడా ఇంచుమించు ఇరవై ఏళ్ళ వాడే. నూట నలభై కోట్ల దేశానికి అప్పటికి అది రికార్డ్, ఇరవై లక్షల దేశంలో ఆరెంట్స్ అంతకన్నా చాలా పైన ఎగిరి ఏళ్ళు గడిచిపోయాయి. నాకు దీంట్లో బాధ ఉంది, దాచుకోను. జనాభా ఎగరదు, పిట్ లు, హాల్స్, పోల్స్, కోచ్ లు ఉన్న చోటే ఎగురుతారు.

మోండో_మావాడు:
వరంగల్ సిస్టర్ రాసింది చదివాక మెడల్స్ గొడవ కాసేపు వదిలేస్తా. ఒక డౌట్, నిజంగా తెలుసుకోవాలని. టీవీలో చూసేటప్పుడు ఎవడు ముందుకెళ్తాడు ఎవడు అక్కడే ఆగిపోతాడు అనేది జంప్ చూసి చెప్పొచ్చా? మాకు బార్ దాటాడా పడ్డాడా అనేదే కనిపిస్తుంది.

పాత_పీఈటీ:
చెప్పొచ్చు బాబూ. బార్ వైపు చూడకు, బాక్స్ వైపు చూడు. పక్క నుంచి తీసిన వీడియో స్లో చేసుకుని, కాలు నేల వదిలే క్షణం దగ్గర ఆపు. పై చెయ్యి ఎక్కడుంది, పైకి ఎగిరే కాలి పాదం ఎక్కడుంది. ఆ చేతి నుంచి ఒక గీత నిలువుగా కిందికి గీస్తే పాదం మీద పడాలి. పాదం బాక్స్ వైపు ముందుకి జరిగిపోయి ఉంటే దాన్ని అండర్ అంటాం, పోల్ వాణ్ణి నేల మీద ఉండగానే లాగేస్తుంది, నడుము మీద భారం, ఎత్తు పోతుంది. పెట్రోవ్ చెప్పే పద్ధతిలో అయితే పోల్ వంగడం మొదలయ్యేసరికే మనిషి గాల్లో ఉండాలి.

రెండోది చేతులు. ఆఖరి మూడు అంగల్లో పోల్ ని నడుము దగ్గర నుంచి తల మీదికి తీసుకురావాలి, తొందర లేకుండా, ఆలస్యం లేకుండా. ఫైనల్ లో ఒత్తిడి మొదట దెబ్బ కొట్టేది ఇక్కడే. ఆ ప్లాంట్, అంటే పోల్ ని బాక్స్ లో గుచ్చడం, ఆలస్యమైతే మిగతాదంతా ఆలస్యమే.

మూడోది, ఫెయిలైన జంప్ లు చూడు. బార్ కి బాగా పైన ఉండి దిగేటప్పుడు ఛాతీ తగిలి పడేసిన వాడికి ఇంకా ఎత్తు ఉంది, స్టాండర్డ్స్, అంటే బార్ ని మోసే స్తంభాలు, సరిగ్గా జరుపుకుంటే దాటేవాడు, వాటిని 80 సెంటీమీటర్ల దాకా జరుపుకోవచ్చు. బార్ కి అందకుండా కిందనే ఆగినవాడికి ఆ రోజు స్పీడ్ లేదు. రెండింటికీ స్కోర్ షీట్ లో పడేది ఒకే క్రాస్ గుర్తు, కానీ కోచ్ కి రెండు వేరే వేరే కథలు.

వరంగల్_వాల్ట్:
మాస్టారు, మీ అసొంటోళ్ళు మాకు గప్పుడు దొరికితె బాగుండు. నేను పారిస్ క్వాలిఫయింగ్ మల్ల చూస్త, మీరు చెప్పినట్టు బాక్స్ కాడ ఆపి. ఇప్పుడు మా కాలనీ పిల్లలకు రన్నింగ్ నేర్పిస్తున్న, ఒక పిల్లకు మంచి ఎగురుడు ఉన్నది, పన్నెండేండ్లు. పోల్ ఇయ్యాల్నా వద్దా?

పాత_పీఈటీ:
ఇప్పుడే గట్టి పోల్ వద్దు తల్లీ. తాడు ఎక్కించు, ఉయ్యాల బార్ మీద తలకిందులు చేయించు, పరుగు పెంచు. తేలికపాటి చిన్న పోల్ తో ఇసకలోకి నాలుగడుగుల పరుగుతో గుచ్చి ఊగి దిగడం వరకు చాలు. వంచడం గురించి ఏడాది దాకా మాట్లాడొద్దు.

రీగా_సుధ:
నాకో ఆలోచన వచ్చింది. ఇక్కడ డౌగవా స్టేడియం మా హాస్టల్ నుంచి పెద్ద దూరం కాదు, వేసవిలో మీట్ లు జరుగుతాయి, జనం కూడా పెద్దగా ఉండరు కాబట్టి పిట్ కి దగ్గరగా నిలబడొచ్చు. ఈసారి పోల్ వాల్ట్ ఉన్న మీట్ పడితే వెళ్ళి పక్క నుంచి వీడియో తీసి ఇక్కడ పెడతా. క్రెయిష్ ఉంటే ఇంకా మంచిది, లేకపోయినా అక్కడి చిన్న పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో చూడొచ్చు కదా. నాకు ఆట గురించి ఏమీ తెలీదు, ఏం గమనించాలో రాయండి.

సాగర్_ట్రాక్:
సుధ గారూ మీరు వెళ్తే ఈ థ్రెడ్ కి అంతకన్నా ఏం కావాలి! ఎన్ని అడుగుల పరుగు తీసుకుంటున్నారో లెక్కపెట్టండి, ఎడమ కాలైతే ఎడమ కాలే లెక్కలోకి తీసుకుంటే సులువు. ఒక్కొక్కరు ఎన్ని పోల్స్ తెచ్చుకున్నారు, మధ్యలో ఎప్పుడు మార్చారు, కోచ్ ఎక్కడ నిలబడ్డాడు, ఇవి రాసుకోండి.

పాత_పీఈటీ:
కోచ్ బాక్స్ కి ఎదురుగా కాకుండా పక్కన, ఆఖరి ఆరు అంగలు మొదలయ్యే గుర్తు దగ్గర నిలబడితే వాడు పని తెలిసినవాడని అర్థం, ఆ గుర్తు మీద పాదం ఎక్కడ పడిందో చూస్తుంటాడు. వీడియో తీసేటప్పుడు కెమెరా కదపకమ్మా, బాక్స్, పాదం, పై చెయ్యి మూడూ కనపడేలా ఒకచోట నిలబెట్టి ఉంచు. చిన్న పిల్లలవైతే నాలుగైదు జంప్ లు ఎక్కువే తియ్యి, నాకు వాళ్ళవే ముందు చూడాలని ఉంది.